చిన్న గేమ్ స్టూడియో నడుపుతూ సొంత లక్ష్యాలను కూడా లెక్కలో ఉంచుకోవడం ఎలా?

ఒక్కరో, ఇద్దరో, మహా అయితే ఐదుగురో కలిసి నడిపే గేమ్ స్టూడియోలో పనికి హద్దు ఉండదు. గేమ్ ఎప్పటికీ పూర్తయినట్టు కనిపించదు. ఇంకో శబ్దం మార్చవచ్చు, ఇంకో మెనూ సరిచేయవచ్చు, ఇంకో లెవెల్ కలపవచ్చు. అందుకే వ్యాయామం, చదువు, ఇంటివాళ్లతో గడపాల్సిన సమయం అన్నీ "ఈ బిల్డ్ అయ్యాక" (బిల్డ్ అంటే ఆడి చూడగలిగేలా తయారుచేసిన గేమ్ వెర్షన్) అంటూ వెనక్కి జరుగుతూ పోతాయి. వ్యాపారానికి ఒక యాప్, సొంత లక్ష్యాలకు వేరే డైరీ పెట్టుకుంటే ఈ ఇబ్బంది తీరదు, ఎందుకంటే రెండూ ఖర్చు పెట్టేది అవే గంటలను. రెండింటికీ గంటల లెక్క రాసే ఖాతా ఒకటే ఉండాలి. అందులో సొంత గంటలు ముందు తీసి పక్కన పెట్టాలి. మిగిలిన గంటలకు ఎంత గేమ్ సరిపోతుందో అంత గేమే చేయాలి. ఆ ఖాతా ఎలా తెరవాలో, ఎలా నడపాలో, ఎక్కడ గాడి తప్పుతుందో చూద్దాం.

1. వారంలో నిజంగా ఎన్ని గంటలున్నాయో తేల్చండి

వారానికి 168 గంటలు. కాగితం మీద పైనుంచి తీసివేస్తూ రండి. నిద్రకు రోజుకు 8 చొప్పున 56 పోతే 112. వంట, స్నానం, ఇంటి పనులు, ప్రయాణాలకు రోజుకు 4 చొప్పున 28 పోతే 84. ఇంటివాళ్లకు, స్నేహితులకు, ఊరికే కూర్చోవడానికి ఐదు రోజులు 2 గంటల చొప్పున, రెండు రోజులు 8 గంటల చొప్పున 26 పోతే 58. సొంత లక్ష్యాలకు 7 తీస్తే 51. ఒంట్లో బాగోకపోవడం, కంప్యూటర్ మొరాయించడం లాంటి అనుకోని వాటికి 6 గంటలు ఖాళీగా వదిలితే 45.

వ్యాపారానికి దక్కేది ఈ 45 గంటలు. ఇవన్నీ గేమ్ తయారీకే అనుకోవద్దు. డబ్బు లెక్కలు, మెయిళ్లు, పన్ను కాగితాలు, ఆటగాళ్ల ప్రశ్నలకు జవాబులు కలిపి ఐదో వంతు, అంటే 9 గంటలు తీసుకుంటాయి. స్టోర్ పేజీ, ట్రైలర్, చిన్న వీడియోలు, డెమో ప్రచారం మరో 9. తయారీకి మిగిలేది 27. 1,000 గంటల పని ఉన్న గేమ్ వారానికి 40 గంటల లెక్కన 25 వారాల్లో అయిపోతుందని చాలామంది అనుకుంటారు. ఈ లెక్క ప్రకారం అది 37 వారాల పని. ఆ 12 వారాల తేడాను నిద్రలోంచీ వ్యాయామంలోంచీ కోసి పూడ్చడం అందరూ చేసే పొరపాటు. కోత గేమ్‌లో పడాలి.

ఉద్యోగం చేస్తూ పక్కన స్టూడియో నడిపేవారికి తయారీకి వారానికి 9 గంటలు దొరికినా గొప్పే. అప్పుడు అదే గేమ్ 111 వారాలు, అంటే రెండేళ్లకు పైగా పడుతుంది. అంతకాలం ఒకే గేమ్ మీద ఉత్సాహం నిలబెట్టుకోవడం కష్టం. 150 నుంచి 200 గంటల్లో విడుదల దాకా వెళ్లగలిగే గేమ్‌తో మొదలుపెట్టమని గట్టిగా చెబుతాం. విడుదల చేయడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అది చిన్న గేమ్ మీద నేర్చుకుంటే చాలా తక్కువ ఖర్చుతో వస్తుంది.

2. సొంత లక్ష్యాలు మూడు దాటనీయవద్దు

"ఆరోగ్యంగా ఉండాలి" అన్నది మంచి కోరికే, కానీ లెక్కలో రాయలేం. "వారానికి నాలుగుసార్లు, 45 నిమిషాల నడక" అంటే రాయగలం. పైన తీసిపెట్టిన 7 గంటలను ఇలా పంచవచ్చు: నడకకు 3 గంటలు, కొత్త భాష నేర్చుకోవడానికి నాలుగుసార్లు అరగంట చొప్పున 2 గంటలు, బొమ్మలు గీయడానికి ఒకేసారి 2 గంటలు. నాలుగో లక్ష్యం పెట్టాలనిపిస్తే వీటిలో ఒకటి తీసేయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొత్త షేడర్ (తెరమీద వెలుగు, రంగు ఎలా కనిపించాలో చెప్పే కోడ్) నేర్చుకోవడం, గేమ్‌లో వాడబోయే పాత్రల బొమ్మలు గీయడం, ఇతరుల గేమ్‌లు ఆడి నోట్సు రాసుకోవడం సొంత లక్ష్యాల కింద వేయవద్దు. అవి వ్యాపారపు పనులు. ఇష్టమైన పనే వృత్తిగా మారినవాళ్లకు ఈ గీత చెరిగిపోవడం సహజం. అలా చెరిగిపోతే కాగితం మీద 7 గంటలు కనిపిస్తాయి గానీ ఒంటికీ మనసుకూ దక్కేది సున్నా. ఫలితంతో స్టూడియోకు ఏ సంబంధమూ లేకపోతేనే అది సొంతం.

రెండో జాగ్రత్త: మీ చేతిలో లేనిదాన్ని లక్ష్యంగా పెట్టుకోవద్దు. "10,000 కాపీలు అమ్మాలి", "7,000 విష్‌లిస్టులు (తర్వాత కొందామని ఆటగాళ్లు గుర్తు పెట్టుకోవడం) రావాలి" అన్నవి అంచనాలు. వాటి చోటు డబ్బు పేజీలో. వాటిని సొంత లక్ష్యాల పక్కన రాస్తే అమ్మకాలు పడిపోయిన వారం నడక కూడా ఆగిపోతుంది, ఎందుకంటే ఆ పేజీ తెరవాలనే అనిపించదు. మీరు చేయగలిగే పనినే రాయండి: వారానికి ఒక చిన్న వీడియో, నెలకు ఐదుగురు కొత్త ఆటగాళ్లతో పరీక్ష, వారానికి నాలుగు నడకలు.

ప్రతి సొంత లక్ష్యానికీ రెండు కొలతలు పెట్టండి, మామూలు వారానిది ఒకటి, గడ్డు వారానిది ఒకటి. నడకకు మామూలు కొలత నాలుగు 45 నిమిషాలైతే గడ్డు కొలత రెండు 20 నిమిషాలు. విడుదల వారంలో ఆ రెండు 20 నిమిషాలు చేస్తే పూర్తి మార్కులే వేసుకోవాలి. ఇలా ఏర్పాటు లేకపోతే ఒక్క గడ్డు వారం రాగానే "ఎలాగూ తప్పింది కదా" అని మొత్తం వదిలేస్తాం.

ఎప్పుడు చేస్తారో కూడా రాయాలి. "ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను" అని ముందే కట్టుకున్న నిర్ణయం ఉత్త సంకల్పం కన్నా ఎక్కువగా అమలవుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరించారు. గేమ్ పనిలో దీన్ని తప్పుగా వాడే వీలు ఎక్కువ. "ఈ బగ్ దొరకగానే నడకకు వెళ్తాను" అంటే ఆ బగ్ రాత్రి పదకొండుకు దొరుకుతుంది. గడియారానికే ముడిపెట్టండి: ఆరు కాగానే ఎడిటర్ (గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) మూసి బూట్లు వేసుకోవాలి, బగ్ దొరికినా దొరకకపోయినా. అలవాటు త్వరగా కుదరలేదని బెంగ అక్కర్లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం చేసిన అధ్యయనంలో అలవాటు స్థిరపడటానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్ద నష్టం లేదని కూడా అందులో తేలింది. కాబట్టి కొత్త లక్ష్యానికి కనీసం పది వారాలు ఇవ్వండి.

3. ఒకే ఖాతా పుస్తకం తెరవండి

మామూలు స్ప్రెడ్‌షీట్ చాలు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లకు దీనికోసం సొంత ట్రాకర్ యాప్ రాసుకోవాలనిపిస్తుంది. దయచేసి రాయవద్దు. అది రెండు వారాలు తింటుంది, ఆపైన దాని బగ్‌లు కూడా మీ నెత్తినే పడతాయి.

మొదటి షీట్‌లో ఆరు గడులు: తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం, రకం, ఏ పని, ముందు వేసిన అంచనా. రకాలు ఐదే ఐదు: తయారీ, ప్రచారం, నిర్వహణ, బయటి పని, సొంతం. డబ్బు కోసం వేరేవారికి చేసి పెట్టే కాంట్రాక్ట్ పనులు "బయటి పని" కిందకు వస్తాయి. రకాలు పదిహేను పెడితే ప్రతి వరుస దగ్గరా ఇది దేని కిందకు వస్తుందా అని ఆలోచిస్తూ ఉంటారు, మూడో రోజుకు రాయడమే మానేస్తారు. ఇంకా వివరం కావాలంటే "ఏ పని" గడిలో రాసుకోండి, తర్వాత వెతుక్కోవచ్చు.

పని మారినప్పుడే వరుస రాయాలి. శుక్రవారం సాయంత్రం కూర్చుని వారమంతా గుర్తు చేసుకుంటూ నింపితే తయారీ గంటలు ఎక్కువగా, మెయిళ్ల గంటలు తక్కువగా పడతాయి. జ్ఞాపకానికి నచ్చిన పనులే గుర్తుంటాయి. పావుగంట కన్నా చిన్న పనులను విడిగా రాయక్కర్లేదు.

రెండో షీట్ వారం లెక్క. ఒక్కో రకానికి అనుకున్న గంటలు, నిజంగా అయినవి, తేడా. మూడో షీట్ డబ్బు. నాలుగోది మూడు లక్ష్యాలు, పన్నెండు వారాల గడులు. పుస్తకం అంతే.

4. చేతిలో డబ్బు ఎన్ని నెలలు వస్తుందో లెక్కించండి

స్టూడియోకు విడిగా బ్యాంకు ఖాతా తెరవడం మొదటి పని. ఇంటి ఖర్చూ, సౌండ్ లైబ్రరీ ఖర్చూ ఒకే ఖాతాలోంచి పోతుంటే ఏ లెక్కా తేలదు. ప్రతి నెలా ఒకే తేదీన స్టూడియో ఖాతా నుంచి మీకు జీతం వేసుకోండి, ఎంత చిన్నదైనా సరే. జీతం వేసుకోని స్టూడియో ఖర్చు ఎప్పుడూ నిజం కన్నా తక్కువగా కనిపిస్తుంది.

లెక్క ఇలా. ఖాతాలో 18,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. అందులో కట్టాల్సిన పన్ను 3,000, ముట్టుకోకూడని అత్యవసర నిధి 3,000. మిగిలింది 12,000. నెలకు స్టూడియో ఖర్చు 400, మీ జీతం 1,100, మొత్తం 1,500. ఎనిమిది నెలలు వస్తుంది. ఇప్పుడు మొదటి అడుగులో తేలిన 37 వారాలను దీని పక్కన పెట్టండి. అది ఎనిమిదిన్నర నెలలు, అంటే గేమ్ పూర్తి కాకముందే డబ్బు అయిపోతుంది. పైగా అమ్మకాల డబ్బు వెంటనే చేతికి రాదు. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో ఒక నెలలో అమ్మినదానికి డబ్బు ఆ తర్వాతి నెలాఖరుకు వస్తుంది, కాబట్టి 5వ తేదీన అమ్మిన కాపీ సొమ్ము దాదాపు ఎనిమిది వారాల తర్వాత ఖాతాలో పడుతుంది. గేమ్‌కు 37 వారాలు, డబ్బు రావడానికి 8 వారాలు, మొత్తం 45 వారాలు. అంటే పదిన్నర నెలలకు సరిపడా డబ్బు కావాలి.

ఇక మూడే దారులు. గేమ్‌ను 1,000 గంటల నుంచి 650 గంటలకు తగ్గించడం, మధ్యలో రెండు మూడు నెలలు బయటి పని చేయడం, లేదా మొదలుపెట్టకుండా ఇంకొంత కూడబెట్టడం. సొంత గంటల్ని తినేయడం నాలుగో దారిలా కనిపిస్తుంది గానీ కాదు. వారానికి 7 గంటలు ఎనిమిది నెలలు పోగుచేసినా దాదాపు 240 గంటలే వస్తాయి, అవి కూడా అలసిపోయి చేసే గంటలు.

ఎన్ని కాపీలు అమ్మితే వచ్చే ఏడాది గడుస్తుందో కూడా చూడాలి. 10 డాలర్ల గేమ్ మీద 10 డాలర్లు రావు. డిస్కౌంట్లు, దేశాన్ని బట్టి మారే ధరలు కలిపి సగటు ధర 6.50 పడిందనుకోండి. రీఫండ్లకు పదో వంతు పోతే 5.85. కొన్నవారి దేశంలో అమ్మకపు పన్నుకు ఇంకో పదో వంతు పోతే 5.27. స్టీమ్ వాటా 30 శాతం పోతే సుమారు 3.69. ఈ శాతాల్లో స్టీమ్ వాటా ఒక్కటే ఖాయం, మిగతావి ఉదాహరణ కోసం వేసుకున్నవి. నెలకు 1,500 చొప్పున ఏడాదికి 18,000 కావాలంటే దాదాపు 4,900 కాపీలు అమ్మాలి. మీ ఆదాయపు పన్ను ఇంకా ఇందులో లేదు. ఈ అంకె చూశాక గేమ్ సైజు గురించి ఆలోచన దానంతట అదే మారుతుంది.

వేదికల ఖర్చు తక్కువే. స్టీమ్‌లో ఒక్కో గేమ్‌కు 100 డాలర్లు కట్టాలి, గేమ్ రాబడి 1,000 డాలర్లు దాటాక అది తిరిగి వస్తుంది. గూగుల్ ప్లేలో నమోదుకు ఒక్కసారి 25 డాలర్లు, యాపిల్‌లో ఏడాదికి 99. చిన్న స్టూడియోలు గేమ్‌లు పెట్టుకునే సైటు ఇచ్ డాట్ ఐఓలో నమోదు ఉచితం, వాటా ఎంత ఇవ్వాలో మీరే నిర్ణయించవచ్చు. మార్చకపోతే 10 శాతం ఉంటుంది. గేమ్‌ను కట్టే సాఫ్ట్‌వేర్లయిన ఇంజిన్ల సంగతికొస్తే గోడాట్, ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద పూర్తిగా ఉచితం. అన్‌రియల్‌లో ఒక గేమ్ రాబడి పది లక్షల డాలర్లు దాటాకే 5 శాతం రాయల్టీ మొదలవుతుంది. చిన్న స్టూడియోను ముంచేది ఈ ఖర్చులు కావు, అంచనా తప్పిన నెలల జీతం.

ఒక్కటి మాత్రం వాయిదా వేయవద్దు. సంగీతం, బొమ్మలు చేసిపెట్టే వారితో డబ్బు ఇవ్వకముందే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఏ పని, ఎన్ని సవరణలు, ఏ తేదీకి, హక్కులు ఎవరికి, ట్రైలర్‌లో వాడవచ్చా, సౌండ్‌ట్రాక్‌గా విడిగా అమ్మవచ్చా, అన్నీ అందులో ఉండాలి. కొన్న ప్రతి ఫాంటు, శబ్దం, మోడల్ లైసెన్సునూ ఒక ఫోల్డర్‌లో దాచండి.

5. అంచనాలను మీ సొంత గుణకంతో సరిచేయండి

మనుషులు తమ పనికి పట్టే కాలాన్ని తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. పాత పనులకు నిజంగా ఎంత పట్టిందో చూసుకోవడమే దీనికి మందు. మీ గంటల ఖాతాలో ఇప్పుడు ఆ సమాచారం ఉంది. పది పనులకు కలిపి 40 గంటలు అనుకుని 68 గంటలు పట్టిందంటే మీ గుణకం 1.7. తర్వాతి పనులకు అంచనా వేశాక దాన్ని 1.7తో హెచ్చించండి. నెలకోసారి గుణకాన్ని మళ్లీ లెక్కించండి.

రకాన్ని బట్టి గుణకం వేరుగా ఉంటుంది. ఆటగాడి కదలిక, దెబ్బల లెక్క లాంటి ఇష్టమైన పనుల్లో అంచనా పెద్దగా తప్పదు. తప్పేది ఎవరూ ఉత్సాహంగా మొదలుపెట్టని చోట. సేవ్ చేసిన ఆట కొత్త వెర్షన్‌లో తెరుచుకోవాలి. కంట్రోలర్ మధ్యలో ఊడిపోతే గేమ్ ఆగాలి. కిటికీ పరిమాణం మార్చినా మెనూ చెదరకూడదు. కీలు మార్చుకునే వీలుండాలి. జర్మన్‌లో మాటలు పొడవైతే బటన్ దాటి పోకూడదు. అరబ్బీ, భారతీయ లిపుల్లో అక్షరాలు సరిగా కలిసి రావాలి. ఇవన్నీ కలిపి చిన్న గేమ్‌లో కూడా నాలుగైదు వారాలు మింగేస్తాయి. వీటిని జాబితా చివర కాకుండా మధ్యలోకి తెండి. సేవ్ పద్ధతినైతే మొదటి నెలలోనే తేల్చాలి, ఎందుకంటే తర్వాత రాసే ప్రతిదీ దానిమీద ఆధారపడుతుంది.

ఒక్కో పని ఆరు గంటలు దాటకుండా ముక్కలు చేయండి. "శత్రువుల తెలివి" అన్నది పని కాదు, అదొక నెల. "కాపలావాడు శబ్దం వినగానే ఆ వైపు తిరగాలి" అన్నది పని. ఒకేసారి తెరిచిన పనులు రెండు దాటకూడదు. మూడోది తెరవాలంటే ఒకటి మూయాలి.

6. వారాన్ని నడిపించే తీరు

క్యాలెండర్‌లో సొంత గంటలను ఆదివారమే నింపండి. గేమ్ పనిని ఆ తర్వాతే పెట్టండి. బుర్ర చురుగ్గా ఉండే మూడు గంటలు తయారీకి, ఆ సమయంలో మెయిలూ చాటూ మూసి ఉండాలి. ప్రచారం, నిర్వహణ పనులను ముక్కలుగా చల్లకుండా రెండు మధ్యాహ్నాల్లో కుప్పగా పెట్టుకోండి.

ప్రతి రోజూ చివరి పది నిమిషాల్లో మూడు పనులు: మార్పులను గిట్‌లోకి (ఫైళ్ల ప్రతి వెర్షన్‌నూ దాచే సాధనం) కమిట్ చేసి బయటి సర్వర్‌కు పంపడం, రేపు మొదట ముట్టుకోవాల్సిన ఫైలూ చేయాల్సిన మార్పూ ఒక వాక్యంలో రాయడం, ఖాతాలో చివరి వరుస నింపడం. ఆ ఒక్క వాక్యం వల్ల సాయంత్రం బుర్రలో పని తిరగడం చాలా తగ్గుతుంది. ఇక్కడ ఇంకో మాట: గిట్ ఫైళ్లు దాచే సైటు గిట్‌హబ్ 100 మెగాబైట్లు దాటిన ఫైలును తీసుకోదు, పెద్ద టెక్స్చర్లకూ (వస్తువుల మీద అతికించే బొమ్మలు) శబ్దాలకూ పెద్ద ఫైళ్లను విడిగా దాచే ఎల్‌ఎఫ్‌ఎస్‌ను మొదటి రోజే అమర్చండి. బ్యాకప్‌కు మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే చోట ఉండాలి. నెలకోసారి ఆ కాపీ నుంచి ప్రాజెక్టును నిజంగా తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్మలేం.

శుక్రవారం ఆడదగిన బిల్డ్ ఒకటి తయారవ్వాలి. ఎడిటర్‌లో నడిచేది లెక్కకు రాదు, మీ కంప్యూటర్ కాని వేరే యంత్రం మీద నడవాలి. సెకనుకు 60 ఫ్రేములు (తెరమీద ఒకదాని వెంట ఒకటి వచ్చే బొమ్మలు) కావాలంటే ఒక్కో ఫ్రేముకు ఉన్నది 16.67 మిల్లీసెకన్లు. ఆ లెక్క ఎంత మేరకు దాటుతోందో ప్రతి శుక్రవారం ఒకే సన్నివేశంలో కొలిచి రాసుకుంటే, గేమ్ ఏ వారం నుంచి నెమ్మదించిందో వెంటనే దొరుకుతుంది.

ఆ తర్వాత 45 నిమిషాల సమీక్ష. మొదట సొంత లక్ష్యాల షీట్ తెరవండి, వ్యాపారం షీట్ కాదు. వరుస మారితే సమయం అయిపోయి ఆ షీట్ తెరవకుండానే లేస్తారు. ఏ లక్ష్యం రెండు వారాలు వరుసగా గడ్డు కొలతకు కూడా చేరలేదో చూడండి. అలాంటిది ఉంటే సమయం మార్చాలి, లేదా కొలత తగ్గించాలి. "వచ్చే వారం గట్టిగా చేస్తాను" అన్నది నిర్ణయం కాదు. తర్వాత గంటల తేడాలు, ఆపైన డబ్బు ఎన్ని నెలలు వస్తుందో, చివర్లో వచ్చే వారానికి ముఖ్యమైన పని ఒక్కటి. సమీక్ష ముగిసేసరికి కాగితం మీద కనీసం ఒక కోత ఉండాలి: తీసేసిన ఫీచర్, వాయిదా పడిన లెవెల్, వద్దనుకున్న భాష. కోత లేకుండా రెండు నెలలు గడిస్తే అంచనాల్లో ఎక్కడో అబద్ధం ఉన్నట్టే.

7. విడుదల తేదీ నుంచి వెనక్కి లెక్కించండి

విడుదల నెలే సొంత లక్ష్యాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది, అది కూడా చాలావరకు ముందే తెలిసిన గడువుల వల్ల. స్టీమ్‌లో గేమ్ రుసుము కట్టాక 30 రోజులు గడవందే విడుదల చేయలేరు. "త్వరలో వస్తోంది" పేజీ కనీసం రెండు వారాలు బహిరంగంగా ఉండాలి. పేజీనీ బిల్డ్‌నూ స్టీమ్ వాళ్లు చూసి ఆమోదించడానికి మామూలుగా 3 నుంచి 5 పనిదినాలు పడుతుంది. ఏదైనా తప్పు చూపిస్తే సరిచేసి మళ్లీ పంపాలి కాబట్టి పది పనిదినాలు పెట్టుకోండి. ఇవి కనీస గడువులు మాత్రమే. విష్‌లిస్టులు పోగవ్వాలంటే పేజీ కనీసం ఆరు నెలల ముందు తెరవడం మేలు. స్టీమ్ నడిపే డెమోల పండుగ నెక్స్ట్ ఫెస్ట్‌లో ఒక గేమ్ ఒక్కసారే పాల్గొనగలదు. డెమో మెరుగుపడకముందే ఆ అవకాశం వాడేస్తే మళ్లీ రాదు. గూగుల్ ప్లేలో వ్యక్తిగత ఖాతా కొత్తగా తెరిచినవారైతే 12 మంది పరీక్షకులతో వరుసగా 14 రోజులు, పిలిచినవారు మాత్రమే ఆడే మూసిన పరీక్ష నడపాలి. ఆ పన్నెండుగురిని రెండు నెలల ముందే మాట్లాడుకోండి.

విడుదలకు రెండు వారాల ముందు కొత్త ఫీచర్లు ఆపేయండి. ఆ రెండు వారాలు, ఆ తర్వాత రెండు వారాలు, నాలుగింటినీ క్యాలెండర్‌లో ఇప్పుడే "గడ్డు వారాలు" అని రంగు వేసి, సొంత లక్ష్యాలను గడ్డు కొలతకు మార్చండి. ఐదో వారం నుంచి మళ్లీ మామూలు కొలత. తేదీ ముందే రాసి ఉంటేనే తిరిగి రావడం జరుగుతుంది.

విడుదలకు మంగళవారం నుంచి గురువారం మధ్య రోజు మంచిది. శుక్రవారం విడుదల చేస్తే గేమ్ కుప్పకూలే బగ్‌లు సరిగ్గా సెలవు రోజుల్లో బయటపడతాయి. మొదటి వారంలో సమీక్షలను రోజుకు రెండుసార్లే చదవండి, ఉదయం ఒకసారి, సాయంత్రం పని ఆపే ముందు గంటలో ఒకసారి. పడుకునే ముందు వద్దు. మొదట చూడాల్సినవి గేమ్ ఆగిపోతోందన్న ఫిర్యాదులు, సేవ్ పోయిందన్నవి. కొనుక్కున్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడితే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది, కాబట్టి మొదటి రెండు గంటల్లో తగిలే బగ్‌లకే తొలి ప్రాధాన్యం. పది సమీక్షలు చేరితేనే గేమ్‌కు సమీక్షల స్కోరు కనిపిస్తుంది. డెమో ఆడి మెచ్చుకున్నవారికి విడుదల సంగతి ఆ రోజే తెలియజేయండి. డిస్కౌంట్ 20 శాతం లేదా అంతకు మించి ఉంటే విష్‌లిస్టులో పెట్టుకున్నవారికి మెయిల్ వెళ్తుంది. 15 శాతం పెట్టి ఆ మెయిల్‌ను పోగొట్టుకోవద్దు.

గంటలు దాటి పని చేయక తప్పని వారాలు వస్తాయి. వరుసగా రెండు వారాలకు మించకూడదన్నది మా గట్టి అభిప్రాయం. దాటిన గంటలను "సొంతం" ఖాతాకు బాకీగా రాసి, తర్వాతి రెండు వారాల్లో తీర్చేయాలి. బాకీ 20 గంటలు దాటితే విడుదల తేదీనైనా, గేమ్ సైజునైనా కదపాలి.

8. భాగస్వాములుంటే

ఇద్దరు ముగ్గురు కలిసి నడిపేచోట గంటల ఖాతా అందరిదీ ఒకటే ఉండవచ్చు, సొంత లక్ష్యాల షీట్ మాత్రం ఎవరిది వారిదే. ఒకరి బరువు, చదువు, ఇంటి విషయాలు ఇంకొకరికి చూపాల్సిన పనిలేదు. "మంగళ, గురువారాలు ఆరు తర్వాత దొరకను" అన్నంత వరకే పంచుకోవాలి. గంటల ఖాతాను కూడా ఎవరు ఎక్కువ కష్టపడుతున్నారని తూచడానికి వాడకండి. వాడారంటే అందరూ అంకెలు పెంచి రాస్తారు, అంచనాల గుణకం పనికిరాకుండా పోతుంది.

వాటాలు మొదటి నెలలోనే రాసుకోండి. వాటా ఒకేసారి చేతికి రాకుండా నాలుగేళ్లలో కొద్దికొద్దిగా దక్కేలా, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాకుండా పెట్టుకోవడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఒకరు వెళ్లిపోతే కోడ్, బొమ్మల హక్కులు స్టూడియోకే ఉండాలని అందులో తప్పక ఉండాలి.

9. సెలవు తీసుకునే ముందు

విడుదలై రెండు నెలలు గడిచాక కనీసం వారం రోజులు పూర్తి సెలవు తీసుకోండి, దాని తేదీ విడుదల తేదీతో పాటే క్యాలెండర్‌లో పడాలి. బయల్దేరడానికి ఏడు రోజుల ముందు చివరి అప్‌డేట్ పంపండి, ఆ తర్వాత ఒక్క వరుస కోడ్ కూడా బయటకు వెళ్లకూడదు. కొత్త బిల్డ్ దెబ్బతిన్నా పాతదానికి వెనక్కి మార్చడం నిమిషాల పని. స్టీమ్ డెవలపర్ సైట్‌లో బిల్డ్‌ల పేజీకి వెళ్లి పాత బిల్డ్‌ను మళ్లీ ఆటగాళ్లందరికీ వెళ్లే ప్రధాన శాఖకు పెట్టడమే. భాగస్వామి ఉంటే వారితో ఈ పనిని మీ ముందే ఒకసారి చేయించండి. ఒక్కరే అయితే ఫోన్ నుంచి లాగిన్ అవుతోందో లేదో వెళ్లేముందు చూసుకోండి, రెండో ధ్రువీకరణ కోడ్ వచ్చే పరికరం వెంట ఉందో లేదో కూడా. పాత బిల్డ్‌లో సేవ్ చేసిన ఆటలు కొత్త బిల్డ్‌లో తెరుచుకుంటాయి గానీ, వెనక్కి వెళ్లినప్పుడు కొత్త సేవ్‌లు పాత బిల్డ్‌లో తెరుచుకోకపోవచ్చు. అది ఆ ఏడు రోజుల్లో పరీక్షించాల్సిన మొదటి విషయం.